ఎండాకాలంలో సోలార్ ప్యానెళ్లు మరీ వేడెక్కకుండా ఏం చేయాలి?

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. అంత ఎండ కాస్తే సోలార్ కరెంటు దండిగా రావాలి కదా అనుకుంటాం. తీరా యాప్ తెరిచి చూస్తే మధ్యాహ్నం పూట అనుకున్నంత రాదు. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురే, వేడి కాదు. దాని మీద రాసి ఉండే వాట్లు లోపలి సెల్ (కరెంటు పుట్టించే చిన్న పలక) 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచినవి. అంతకు మించి వేడెక్కే ప్రతి డిగ్రీకీ సుమారు 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి పడిపోతుంది. బయట 42 డిగ్రీలుంటే సెల్ 65, 70 డిగ్రీల దాకా వెళ్తుంది. అంటే 3 కిలోవాట్ల సిస్టమ్‌లో దాదాపు 400 వాట్లు వేడికే పోతాయి.

ఇది తెలిసి కొందరు మిట్టమధ్యాహ్నం పైపు పట్టుకుని మేడెక్కుతారు. దయచేసి ఆ పని చేయకండి. కాలిపోతున్న అద్దం మీద చల్లటి నీళ్లు పడితే అద్దం పగలొచ్చు, లోపలి సెల్స్‌లో కంటికి కనిపించని చీలికలు రావచ్చు. ప్యానెల్‌ను చల్లబరిచే పని గాలికి వదిలేయాలి. ఆ గాలికి దారి చూపించడమే మన వంతు.

1. ముందు ప్యానెళ్ల కిందికి వంగి చూడండి

అద్దం వైపు నుంచి ఎంత వేడి పోవాలో, దాదాపు అంత వేడి వెనక వైపు నుంచీ పోవాలి. చాలా ఇళ్లలో ప్యానెళ్ల కింద ఖాళీ ఉందని పాత కుర్చీలు, అట్టపెట్టెలు, కట్టెలు సర్దేస్తారు. పావురాలు గూళ్లు పెడతాయి, ఎండుటాకులు చేరతాయి. వాటిని తీసేయండి, గాలి ఆడటమే కాదు, నిప్పు ప్రమాదమూ తగ్గుతుంది. తీసేటప్పుడు వైర్లను లాగొద్దు.

కొత్తగా పెట్టించుకునేవాళ్లు ఈ మాట ముందే చెప్పాలి. రేకుల మీదైనా సరే, ప్యానెల్‌కూ కప్పుకూ మధ్య కనీసం అరడుగు ఖాళీ ఉంచమనండి. డాబా మీదైతే మనిషి నడిచేంత ఎత్తు స్ట్రక్చర్ ఇంకా మంచిది, కానీ ఈదురుగాలులను తట్టుకునేలా గట్టిగా బిగించాలి. రామగుండంలో ఎన్టీపీసీ తన రిజర్వాయర్ మీద కట్టిన 100 మెగావాట్ల తేలియాడే ప్లాంటు 2022లో పూర్తయింది. అక్కడ ప్యానెళ్లు కాస్త చల్లగా ఉండటానికి కింద నీళ్లున్నాయి. మన మేడ మీద ఉన్నది గాలి ఒక్కటే.

2. డాబాకు తెల్ల రంగు వేయించండి

సున్నమైనా, ఎండను వెనక్కి కొట్టే కూల్ రూఫ్ పెయింటైనా పర్వాలేదు. నేల తక్కువ వేడెక్కితే ప్యానెల్ కిందికి వచ్చే సెగ తగ్గుతుంది, కింద గదులూ చల్లబడతాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే.

3. కడగడం తెల్లవారగానే

దుమ్ము వెలుతురును అడ్డుకుంటుంది. ఒకే చోట గట్టిగా పేరుకున్న పక్షుల రెట్ట అయితే ఆ సెల్‌ను మాత్రమే విపరీతంగా వేడెక్కిస్తుంది, అక్కడ ప్యానెల్ మాడిపోవచ్చు కూడా. అందుకే ఎండాకాలంలో రెండు వారాలకోసారి కడగండి. తెల్లవారి వెలుతురు వచ్చాక మొదలుపెట్టి, ఎండ ముదరకముందే పూర్తి చేయాలి. సాయంత్రం కడిగితే అద్దం చల్లారేసరికి చీకటి పడుతుంది. పిట్టగోడ లేని మేడ మీద తడిలో, చీకట్లో తిరగడం చాలా ప్రమాదం.

ముందుగా ఇన్‌స్టాలర్ (ప్యానెళ్లు బిగించినవాళ్లు) చూపించిన వరుసలో ఇన్వర్టర్‌ను (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె), డీసీ ఐసొలేటర్‌ను (ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటును ఆపే స్విచ్) ఆఫ్ చేయండి. అలా చేసినా వెలుతురు పడుతున్నంతసేపూ ప్యానెళ్లలో, వాటి వైర్లలో వోల్టేజ్ ఉంటుంది. ఇంటి సిస్టమ్‌లో కూడా అది 200 వోల్టులు దాటొచ్చు. కనెక్టర్ల మీద, జంక్షన్ బాక్సుల మీద నీళ్లు కొట్టకండి. రబ్బరు చెప్పులు వేసుకుని, పొడవాటి కర్రకు మెత్తటి స్పాంజి కట్టి తుడవండి. ప్యానెల్ మీద కాలు పెట్టొద్దు. కార్లు కడిగే ప్రెషర్ పంపు, పీచు, సబ్బు పొడి వద్దు.

బోరు నీళ్లు ఆరితే తెల్లటి మరకలు కడతాయి, తర్వాత అవి ఎంత రుద్దినా పోవు. వాన నీళ్లు ఉత్తమం. బోరు నీళ్లే గతి అయితే ఆరకముందే వైపర్‌తో లాగేయండి. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లలో లవణాలు ఇంకా ఎక్కువ, అవి వాడొద్దు.

4. ఇన్వర్టర్‌ను మర్చిపోకండి

అది వేడెక్కితే తనంతట తానే ఉత్పత్తి తగ్గించుకుంటుంది. పడమటెండ తగిలే గోడ మీద ఉంటే పైన చిన్న రేకు కట్టించండి. చుట్టూ జానెడు ఖాళీ ఉంచండి, బట్టలు ఆరేయొద్దు.

ప్యానెళ్ల మీద నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు పెట్టించమంటారా అని చాలామంది అడుగుతారు. ఇంటి సిస్టమ్‌కు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. మోటారు కరెంటు, నీళ్లు, పేరుకునే మరకలు లెక్కేస్తే మిగిలేది చాలా తక్కువ. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లలో అయితే ఆ ఆలోచనే వద్దు. తడిగుడ్డలు, షేడ్‌నెట్ కప్పడం కూడా తప్పే, వెలుతురు తగ్గితే ఉత్పత్తి ఇంకా పడిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా నిరుడు ఇదే నెలతో పోలిస్తే యూనిట్లు బాగా తగ్గినా, ప్యానెల్ మీద గోధుమ రంగు మచ్చ, అద్దంలో పగులు, కాలిన వాసన లాంటివి ఉన్నా మీరు ముట్టుకోకండి, నీళ్లు పోయకండి. దూరం నుంచి ఫొటో తీసి ఇన్‌స్టాలర్‌కు పంపండి, వారంటీ కాగితాలు దగ్గర పెట్టుకోండి.