క్రిస్మస్ స్టార్, సీరియల్ సెట్లు ఏడాది తిరిగేసరికి ఎందుకు పాడవుతున్నాయి: సమస్య - పరిష్కారం

నవంబరు ఆఖరి వారం వచ్చిందంటే శ్రీకాకుళంలో సీరియల్ సెట్లు, అంటే చిన్న బల్బుల దండలు, బాగుచేసే కొట్ల దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది: "పోయినేడాది బాగానే వెలిగిందండీ, జాగ్రత్తగా అటక మీద పెట్టాం, ఇప్పుడు చూస్తే సగమే వెలుగుతోంది." నా చేతికొచ్చే సెట్లలో ఎక్కువ భాగం అటక మీద పాడైనవే. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాకో, ఆరో తారీఖు ముగ్గురు రాజుల పండగ అయ్యాకో అలంకరణ దించుతారు. వారం తిరగకుండా సంక్రాంతి, ఇంటినిండా చుట్టాలు. ఆ తొందరలో ఎలా చుట్టి ఎక్కడ పెట్టామన్నదే వచ్చే డిసెంబరుని తేల్చేస్తుంది.

సామాను విప్పడం, చుట్టడం అందరికీ తెలిసిందే కాబట్టి అది వదిలేసి, ఏది పాడైతే కారణం ఏమిటో, ఏం చేయాలో చెబుతాను.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది

దించేముందు సెట్టుని ఒక్కసారి వెలిగించి చూడండి. చాలా ఇళ్ళలో చేయనిది ఈ ఒక్కటే. పండగ అయిపోయిందని ప్లగ్గు పీకేసి పది రోజులు గోడకి వేలాడదీస్తారు, తర్వాత చుట్టి పెట్టెలో పడేస్తారు. వెలగని ముక్క ఎక్కడుందో సెట్టు గోడమీద సాపుగా ఉన్నప్పుడే కనిపిస్తుంది. అక్కడ ఎర్రదారం ఒకటి కట్టండి. ఉండలా చుట్టేశాక నవంబరులో ఆ చోటు వెతకడానికి ఒక పూట పోతుంది. పైగా జనవరిలో నిండుగా వెలిగి, నవంబరులో సగమే వెలిగితే, లోపం దాచిన తీరులోనే ఉందని తేలిపోతుంది.

సెట్ మొత్తం వెలగడం లేదు

పది సెట్లలో ఏడెనిమిదింటికి కారణం ప్లగ్గు దగ్గరే ఉంటుంది. ప్లగ్గులోంచి వైరు బయటికి వచ్చేచోట వేలితో నొక్కి అటూ ఇటూ వంచి చూడండి. లోపల రాగి తెగి ఉంటే ఆ చోట మెత్తగా, పట్టు లేకుండా తగులుతుంది. సాకెట్ నుంచి తీశాకే ఈ పని చేయాలి, ఇది 230 వోల్టుల వ్యవహారం. ఆ ముక్క కోసేసి కొత్త ప్లగ్గు బిగిస్తే సరిపోతుంది. అరచేతికీ మోచేతికీ బిగించి చుట్టే అలవాటు వల్లే ఆ చోట వైరు తెగుతుంది. అట్టముక్కకి వదులుగా చుట్టండి, చివర మడత పడకుండా చూడండి.

ప్లగ్గు బాగుంటే తర్వాత చూడాల్సింది బొత్తాం ఉన్న చిన్న కంట్రోలర్ డబ్బా. అది పోతే మార్చేయడమే మేలు.

సగమే వెలుగుతోంది, లేదా ఒక రంగు మాత్రమే వెలగడం లేదు

సెట్టులో బల్బులు వరసలు వరసలుగా, ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒక వరసలో ఒక్క బల్బు కాలు తెగినా ఆ వరసంతా చీకటే. అంటే ఇరవై బల్బులు ఆరిపోయినా పాడైంది ఒకటే కావచ్చు. ప్లగ్గు తీసి, వెలగని వరసలో బల్బుల కింద ఉండే చిన్న ప్లాస్టిక్ తొడుగుల్ని ఒక్కొక్కటే వెనక్కి జరపండి. పాడైన చోట బల్బు సన్నకాళ్ళ మీద గోధుమరంగు తుప్పు, రాగితీగ మీద పచ్చటి పొడిలాంటి చిలుము కనిపిస్తాయి. గోటితో మీటితే కాలు పుటుక్కున విరిగిపోతుంది.

ఆ బల్బు తీసేసి అదే రంగుది, అదే రకంది పెట్టి సోల్డరింగ్ చేయాలి. పొడుగు కాలు ఏ వైపు ఉండేదో చూసుకుని అటే పెట్టాలి. పైన స్లీవ్, అంటే సన్నటి ప్లాస్టిక్ గొట్టం, తొడగాలి. మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే అటక వేడికి జిగురు కారిపోయి తీగ బయటపడుతుంది. బల్బు తీసేసి రెండు తీగలు ముడేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఒకటి తీస్తే నడుస్తుంది, నాలుగైదు తీస్తే మిగిలిన వాటిమీద కరెంటు ఎక్కువై అవీ త్వరగా పోతాయి. తుప్పు ఒక్కచోట ఉంటే బాగుచేయించండి, తొడుగు జరిపిన ప్రతిచోటా పచ్చగా కనిపిస్తే ఆ సెట్టు మీద ఇంకో రూపాయి ఖర్చు పెట్టకండి.

ఇంతవరకూ ఎలక్ట్రీషియన్లందరూ చెప్పేదే. అసలు ఆ తుప్పు ఎలా పట్టిందన్నది ఎవరూ అడగరు. "వానాకాలం కదా, చెమ్మ చేరింది" అనుకుంటారు.

పొడిగా ఉన్నట్టు కనిపించే తీగ

చాలామంది ఇళ్ళలో సెట్లు ఎండలో ఆరబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, మూతపెట్టె కొని మరీ దాస్తారు. అయినా పాడవుతాయి. సముద్రం ఒడ్డున ఉన్న కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు నుంచీ, విజయనగరం జిల్లాలో చింతపల్లి, కోనాడ వైపు నుంచీ వచ్చే సెట్లు ఇలాగే ఉంటాయి. వాళ్ళ జాగ్రత్తలో లోపం లేదు. తీగ మీద ఉప్పు ఉండిపోయింది.

డిసెంబరు ఒకటి నుంచి జనవరి దాకా స్టారూ సెట్లూ డాబా మీద, వీధి అరుగు మీద వేలాడతాయి. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు తుంపర వాటిమీద పలచగా పేరుకుంటుంది. రాత్రి మంచుకి తడుస్తుంది, పగలు ఆరుతుంది, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. పొడిగుడ్డతో తుడిస్తే పైపైన దుమ్ము పోతుంది, బల్బు తొడుగు సందుల్లో ఉన్నది అలాగే ఉండిపోతుంది. ఎండలో ఎంత ఆరబెట్టినా నీరు పోతుందే తప్ప ఉప్పు పోదు.

గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ గాలిలోంచే నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. ముసురు రోజుల్లో వంటింట్లో మూత సరిగ్గా పెట్టని ఉప్పు డబ్బా తడితడిగా ముద్దకట్టడం అందరం చూసేదే. బల్బు కాళ్ళ దగ్గర జరిగేదీ అచ్చంగా అదే. జూన్ నుంచి నవంబరు దాకా మన వైపు రాత్రిళ్ళు తేమ ఆ గీత దాటడం మామూలు. చుక్క వాన తగలకుండా, మూత తీయని పెట్టెలో ఉన్నా సరే, మూతసందుల్లోంచి చేరే ఆ కాస్త తేమే ఆ ఉప్పుకి చాలు. ఉప్పునీటిలో రాగీ ఇనుమూ ఎంతకాలం నిలుస్తాయి? బల్బు కాళ్ళు చాలావాటికి పైపూత వేసిన ఇనుమే. ముందు పోయేవి అవే.

శ్రీకాకుళం, విజయనగరం టౌన్లలో ఉప్పు ప్రభావం తీరం మీద ఉన్నంత ఉండదు. కానీ చుట్టాలింటి కోసమో చర్చి కోసమో తీరపు ఊళ్ళో కట్టి తెచ్చిన సెట్లుంటే వాటిని ఇంట్లోవాటితో కలిపి దాచకండి.

పరిష్కారానికి ఖర్చేమీ లేదు, కాస్త ఓపిక కావాలి. ప్లగ్గు తీసేశాక, మంచినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో సెట్టు మొత్తం తుడవండి. ప్రతి బల్బు దగ్గరా ఆగి, తొడుగు చుట్టూ గుడ్డ తిప్పండి. నీళ్ళు మార్చి ఇంకోసారి తుడవండి. తీరపు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో తుడిచి ప్రయోజనం లేదు, తాగే నీళ్ళే వాడండి. సెట్టుని బకెట్లో ముంచకండి, కంట్రోలర్ డబ్బాకి తడి తగలనివ్వకండి. తుడిచాక దండెం మీద నీడలో ఒక పగలు, ఆ తర్వాత గదిలో ఫ్యాను కింద ఒక రాత్రి ఉంచండి. తుప్పు పట్టకుండా ఉంటుందని కొబ్బరినూనె రాసేవాళ్ళున్నారు. అది దుమ్ము పట్టిస్తుంది, ఎలకల్ని రప్పిస్తుంది.

ఇక దించే వేళ. పొద్దున్నే పని తెముల్చుకుందామని ఆరు గంటలకి దించితే స్టారు మడతల్లో, తీగ మెలికల్లో మంచు ఉంటుంది. జనవరిలో గాలి బాగా పొడిగా ఉండేది మధ్యాహ్నమే. పదకొండు దాటాక దించి, సాయంత్రం మూడు నాలుగు గంటలకి పెట్టెలో పెట్టేయండి. చీకటి పడేదాకా బయట వదిలేస్తే మళ్ళీ మంచు పట్టి మొదటికొస్తుంది.

పెట్టె లోపలికి తడి ఎక్కడినుంచి వస్తుంది

ఉప్పు కడిగేశాక కూడా బూజు, ముక్కిపోయిన వాసన వస్తుంటే దూదినీ అట్టనీ అనుమానించండి. 50 లీటర్ల పెట్టెలో పట్టే గాలి 30 డిగ్రీల వేడిలో పూర్తిగా చెమ్మగా ఉన్నా అందులో ఉండే నీరు ఒకటిన్నర గ్రాము. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు దాన్ని సర్దుకుంటాయి. కానీ యేసు పుట్టుకని చూపే పశువుల పాక మీద మంచు అని పరిచిన దూది, చెమ్మపట్టిన అట్టపెట్టె, గోనెపట్టా అంతకు ఎన్నో రెట్లు నీటిని దాచుకుని, మూత పెట్టాక మెల్లగా వదులుతాయి. దూది ఖరీదు ఎంతని? తీసి పారేయండి, ఏటా కొత్తది కొనుక్కోవచ్చు. అట్టపెట్టె బదులు బిగుతుగా మూతపడే ప్లాస్టిక్ పెట్టె వాడండి. చెమ్మ పీలుస్తుందని బియ్యం మూటకట్టి పెడితే పురుగు పడుతుంది.

పాక, గడ్డి, బొమ్మలు

పాకలో పరిచిన వరిగడ్డి దాచకండి. ఎంత దులిపినా గింజలు మిగులుతాయి, ఆ గింజల కోసం ఎలకలు వస్తాయి, వచ్చినవి వైరు కూడా కొరుకుతాయి. మన దగ్గర డిసెంబరు నాటికి కోతలు అయిపోయి ఏ ఊళ్ళో అయినా కొత్తగడ్డి దొరుకుతుంది, ఈ గడ్డి పశువులకి వేసేయండి. మెరుపు పొడి చల్లి ఉంటే మాత్రం వేయకండి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మల రంగు పొరలుగా లేస్తోందంటే అవి చెమ్మ పీల్చాయని అర్థం. రెండు రోజులు నీడలో ఆరబెట్టి, ఒక్కొక్కదాన్ని పాత నూలుగుడ్డలో చుట్టండి. న్యూస్‌పేపర్ సిరా తెల్లబొమ్మలకి అంటుకుంటుంది. బాలయేసు బొమ్మ చిన్నది కాబట్టి గడ్డితోపాటు పోతుంటుంది, ముందు దాన్ని తీసి పక్కన పెట్టుకోండి.

స్టారు పెళుసుబారింది, తోరణాలు జిగటగా ఉన్నాయి

రెండింటికీ కారణం వేడి. ఎండ సూటిగా తగిలే శ్లాబు కింది అటక, సిమెంటు రేకుల కింది చోటు మే నెలలో చేయి పెట్టలేనంత వేడెక్కుతాయి. ప్లాస్టిక్ స్టారు పచ్చబడి విరుగుతుంది, తోరణాల్లో ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే పదార్థం పైకి చెమరుస్తుంది. సబ్బునీళ్ళ గుడ్డతో తుడిస్తే తోరణం కొన్నాళ్ళు వస్తుంది, వైరు తొడుగు జిగటబారితే ఆ సెట్టు పారేయాల్సిందే. లోపలి గదిలో బీరువా మీదో మంచం కిందో పెట్టుకుంటే ఈ బాధ లేదు.

పురుగు పట్టకుండా కలరా ఉండలు వేస్తారు కదా, థర్మాకోల్ స్టార్లూ గుండ్లూ ఉన్న పెట్టెలో వేయకండి. ఆ ఆవిరికి థర్మాకోల్ మెత్తబడి గుంటలు పడుతుంది.

బ్యాటరీ కొవ్వొత్తులు వెలగడం లేదు

సెల్లు తీయకుండా దాచారు, అవి కారాయి. సెల్లు తీసేసి, తెల్లటి పొడి పట్టిన స్ప్రింగుని నిమ్మరసంలో అద్దిన దూదిపుల్లతో రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. చేతికి కవరు తొడుక్కోండి. బిళ్ళ సెల్లులైతే తీసిన వెంటనే పిల్లలకి అందని చోట పెట్టండి. మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోయేంత ప్రమాదం.

మిగిలినవి

పిడుగుకి పోయిందనీ, వోల్టేజి పెరిగి పోయిందనీ అంటుంటారు. అలాంటివి చాలా తక్కువ, పైన చెప్పినవన్నీ చూశాకే అటు వెళ్ళండి. తుపాను వచ్చిన ఏడాది మాత్రం లెక్క వేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, మందస వైపు ఇళ్ళ రేకులు ఎగరగొట్టినప్పుడు నానని పెట్టె లేదు. అలాంటి వాన తర్వాత డిసెంబరు దాకా ఆగకుండా వెంటనే విప్పి ఆరబెట్టాలి. నానిన సెట్టుని ఆరకుండా ప్లగ్గులో పెట్టకూడదు.

పనికిరాని తోరణాలు, థర్మాకోల్, వైర్లు భోగిమంటలో వేయకండి. చుట్టూ చలి కాచుకునేది పిల్లలూ ముసలివాళ్ళూను, ఆ ప్లాస్టిక్ పొగ వాళ్ళ ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

పెట్టె సర్దేటప్పుడు బరువైన బొమ్మలు అడుగున, సెట్లు మధ్యలో, స్టార్లు పైన పెట్టండి. ఆరుబయట కట్టినవి ఒక పెట్టెలో, ఇంట్లోవి ఇంకో పెట్టెలో. ప్రతి సెట్టునీ విడిగా బాగా ఆరిన అట్టముక్కకి చుట్టి, ప్లగ్గు అన్నిటికన్నా పైకి వచ్చేలా పెట్టండి. మళ్ళీ నవంబరులో చుట్ట విప్పకుండానే సాకెట్లో పెట్టి, వెలుగుతోందో లేదో ఒక్క క్షణం చూసి తీసేయవచ్చు. చుట్టలో ఎక్కువసేపు వెలిగిస్తే వేడెక్కుతుంది.