మోదుగ పూసే రోజులలో ఫోటోలు తీయడం: సీమవాసులకు కొన్ని మెళకువలు

వసంతం అనగానే పచ్చదనాన్ని వెతుక్కుంటూ బయలుదేరితే కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాలలో నిరాశే మిగులుతుంది. వానలు ఆగి మూడు నెలలు దాటిన ఆ రోజులలో బోదగడ్డి ఎండిపోయి ఉంటుంది, చెరువులు అడుగంటుతూ ఉంటాయి, గుట్టల మీద రాళ్లు తప్ప మరేమీ లేనట్టే అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే, ఆకు రాల్చిన కొమ్మల మీద మోదుగ, బూరుగు ఎర్రగానూ కొండగోగు పసుపుగానూ పూస్తాయి. ఆకుల అడ్డు లేనందువల్ల పువ్వు, కొమ్మ, వెనుక ఉన్న బండ మూడూ విడివిడిగా కనబడతాయి. ఫోటో తీసేవారికి ఇంతకన్నా అనుకూలమైన కాలం మన సీమలో మరొకటి లేదని నా గట్టి నమ్మకం. మాఘం చివర మొదలయ్యే ఈ పూత ఫాల్గుణమంతా సాగుతుంది, ఉగాదికి వేపపూత అందుకుంటుంది, ఏప్రిల్ చివరికి రేల చెట్లు పసుపు గుత్తులు వేలాడదీస్తాయి. ఖరీదైన కెమెరా అవసరం లేదు. చేతిలోని ఫోన్ చాలు, వేళ తెలిస్తే.

మార్చి మూడో వారంలో కర్నూలులో సూర్యోదయం సుమారు 6:20 గంటలకు, సూర్యాస్తమయం 6:30కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పొద్దు పొడిచాక గంటన్నర, పొద్దు గుంకే ముందు గంట, ఈ రెండే మనకు పనికివచ్చే సమయాలు. తొమ్మిది దాటిందంటే నీడలు నల్లగా గట్టిపడతాయి, బండలు తెల్లగా మెరుస్తాయి, దూరపు కొండలు దుమ్ములో కలిసిపోతాయి. నచ్చిన చెట్టు కనిపిస్తే ముందురోజు సాయంత్రమే ఒకసారి చూసి, తూర్పు ఏ వైపున ఉందో, ఉదయపు ఎండ ఏ కొమ్మ మీద ముందుగా పడుతుందో గుర్తుపెట్టుకుని రావడం మంచిది. మధ్యాహ్నమే వీలయ్యేవారు పెద్ద చింతచెట్టు నీడలోకి చేరి, అక్కడి బెరడునూ లేత చిగురునూ తీసుకోవచ్చు. నీడలో వెలుగు అంతటా సమానంగా పరుచుకుని ఉంటుంది.

మోదుగ దగ్గర మాత్రం నిదానించాలి. నల్లమల అంచు పల్లెల్లో నేను మొదటి ఏడాది తీసిన మోదుగ ఫోటోలన్నీ పాడయ్యాయి. పూలు ఎర్రరంగు ముద్దలుగా వచ్చాయే తప్ప రేకుల మడత ఒక్కటీ కనిపించలేదు. ఫోన్ మొత్తం దృశ్యంలోని వెలుతురును సగటున లెక్క కడుతుంది, నల్లని బెరడును చూసి వెలుగు చాలదనుకుని పెంచుతుంది, ఆ పెంపుకు అన్నిటికన్నా ముందు ఎరుపే పొంగిపోతుంది. అందువల్ల తెర మీద పువ్వుపై వేలు ఉంచి ఫోకస్ స్థిరపడేదాకా అదిమిపట్టి, పక్కన కనబడే సూర్యుడి గుర్తును కిందికి జరపాలి. కెమెరా వాడేవారు ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటోలోకి వచ్చే వెలుగు మోతాదును, మైనస్ 0.7కో మైనస్ 1కో తగ్గించుకోవాలి. ఎంత తగ్గించాలో పువ్వే చెబుతుంది. మోదుగ రేకుల మీద పట్టులాంటి సన్నని నూగు ఉంటుంది, పువ్వు తొడిమ దగ్గరి గిన్నె నల్లని మఖమల్‌లా ఉంటుంది. ఆ నూగు, ఆ మఖమల్ తెర మీద కనబడగానే ఆగాలి. చిలుక ముక్కులా వంగిన ఆ రేకును చూసే సంస్కృతంలో దీనిని కింశుకం అన్నారు, కనుక ఆ వంపు తెలిసేలా పువ్వును ప్రక్క నుంచి తీయాలి, ఎదురుగా కాదు. వెనుక నీలాకాశమో నీడలో ఉన్న బండో వచ్చేలా రెండడుగులు జరిగితే రంగు మరింత నిలబడుతుంది. వెనుక దృశ్యాన్ని మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్‌ను ఇక్కడ నేను వాడను, ఎందుకంటే అది కొమ్మల సన్నని అంచులను తప్పుగా కత్తిరిస్తుంది.

కానుగ, రావి చిగుళ్లకు పద్ధతి తిరగబడుతుంది. వాటిని ఎండకు ఎదురుగా నిలబడి తీయాలి, ఆకు మనకూ సూర్యుడికీ మధ్య ఉండాలి, లెన్స్ మీద ఎండ పడకుండా ఒక చెయ్యి అడ్డుపెట్టాలి. రాగి రంగు రావి చిగురులో ఈనెలన్నీ గీసినట్టు కనబడేది అప్పుడే.

వేపపువ్వు చాలా చిన్నది, ఏ కాస్త గాలికైనా ఊగుతుంది. ఫోన్‌ను మరీ దగ్గరకు తీసుకుపోతే ఫోకస్ కుదరదు. ఒక జానెడు దూరంలో ఆగి రెండింతల జూమ్ పెట్టి, మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి వరుసగా పది తీస్తే ఒకటి నిలుస్తుంది. ఉగాది పచ్చడికి పూత కోసేటప్పుడు పక్కన ఉన్నవారిని రెమ్మ పట్టుకోమంటే పని ఇంకా సులువవుతుంది.

విశాల దృశ్యాలకు గండికోట ఉండనే ఉంది. మిట్టమధ్యాహ్నం పెన్నా లోయ చదునుగా అగుపిస్తుంది. ఏటవాలు ఎండలో ఒక గోడ వెలిగి మరొక గోడ నీడలో ఉన్నప్పుడే దాని లోతు ఫోటోలోకి వస్తుంది. అంచు వైపు చూస్తూ వెనక్కి నడవరాదు, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను వంటి చెట్టును మొత్తంగా పట్టాలని చూడకుండా, నాలుగు ఊడలను, వాటి మధ్య నడుస్తున్న మనిషిని తీసుకుంటే పరిమాణం అర్థమవుతుంది. గొర్రెల కాపరి ఎదురైతే, "అన్నా, ఒక ఫోటో తీసుకోవచ్చా?" అని అడిగిన తర్వాతే ఫోన్ ఎత్తాలి.

చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు పెట్టుకుంటాయి. వాటిని ఫోన్ జూమ్‌తో దగ్గరకు లాగితే మసకే మిగులుతుంది. ఇళ్ల కప్పులు, చెట్టు, గూళ్లు కలిపి తీయడమే మేలు. ఎగరాలని చప్పట్లు కొట్టడం, గూటి కిందకు చేరడం చేయరాదు, ఎండలో పిల్లలను విడిచి తల్లి లేచిపోతే వాటికి ప్రాణాపాయం. రోళ్లపాడు వంటి అభయారణ్యాలకు అటవీ శాఖ అనుమతితోనే వెళ్లాలి.

నీళ్లసీసా, తలకు తువ్వాలు, లెన్స్ తుడుచుకునే నూలుగుడ్డ వెంట ఉండాలి. వేడెక్కిన ఫోన్ కెమెరాను ఆపేస్తుంది, కనుక ఫోటోకూ ఫోటోకూ మధ్య దానిని గుడ్డసంచిలో నీడన పెట్టాలి.

పూత ముగిసే రోజులలో మరొకసారి అదే చెట్టు దగ్గరకు వెళ్లడం నాకు ఇష్టం. బూరుగు కింద రాలిన పూలను మేకలు మేసేలోగా, తెల్లవారగానే చేరుకుని నేల మీద కూర్చోవాలి. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ మట్టికి రెండు వేళ్ల ఎత్తుకు దిగుతుంది. అప్పుడు ముందు ఒక్క పువ్వు నిండుగా, దాని వెనుక మిగిలినవన్నీ ఎర్రగా మసకబారి, చివర చెట్టు మొదలు కనబడతాయి.