పదాల పుట్టిల్లు – 7: అస్తిత్వంలో ఎముకల్లేవు

పోయిన పాఠం చివర, ‘ఉండటం’ అనే అర్థమున్న సంస్కృత ‘అస్’ ధాతువు నుంచి పుట్టిన మాటలు పది రాయమన్నాను. మీ జవాబులు చూశాక, ఈ వారం మొదలుపెట్టాల్సిన ‘భూ’ ధాతువును అటక మీద పెట్టేశాను. సగం మంది ఆస్థానం, స్వస్థత, అస్థిరం రాశారు. ఇద్దరైతే ‘అస్థిత్వం’ అని రాసి కింద గీత కూడా గీశారు.

ముందు చిన్న సందేహం తీర్చేస్తా. ‘సత్’ కూడా ‘అస్’ నుంచే పుట్టిందంటే, అందులో ‘అ’ ఏమైందని చాలామంది అడిగారు. అస్తి (ఒకటి ఉంది), స్తః (రెండు ఉన్నాయి), సంతి (చాలా ఉన్నాయి). రెండో మాటకే ‘అ’ జారిపోయింది కదా! సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని దానికి సూత్రమే పెట్టాడు (అష్టాధ్యాయి 6.4.111). నాకు మాత్రం ఈ మూడు మాటలు చాలు. ‘ఉన్నది’ సత్. సత్యం, సత్త దాని పిల్లలు.

ఇక అసలు గొడవ. ఆ మధ్య హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో ఒక సభకు పోతే, వేదిక వెనక ఫ్లెక్సీ మీద మూరెడేసి అక్షరాలతో ‘అస్థిత్వ’ అని ఉంది. థ ఒత్తు కడుపులో చుక్క కూడా శ్రద్ధగా పెట్టారు. నిర్వాహకుడికి చెబితే, “పెద్ద మాటకు పెద్ద ఒత్తు ఉండాలె గద సార్” అన్నాడు. అస్థి అంటే ఎముకండీ! గోదావరిలో కలిపే అస్థికలు అవే. దానికి ‘త్వం’ తగిలిస్తే ఎముకతనం అవుతుంది. అస్తి అంటే ‘ఉన్నది’, క్రియాపదం. ఆ క్రియకే ‘త్వం’ చేర్చి అస్తిత్వం అన్నారు. ‘అస్తి’ అని నమ్మేవాడు ఆస్తికుడు, ‘నాస్తి’ అనేవాడు నాస్తికుడు. ఏది ఉందని? పాణిని సూత్రంలో (4.4.60) దేవుడి ఊసు లేదు. పరలోకం అని పూరించింది వ్యాఖ్యాతలు.

స్థ వచ్చిందంటే అది ‘స్థా’, నిలబడటం. స్వస్తి అంటే సు + అస్తి, బాగుండటం. స్వస్థుడు అంటే స్వ + స్థ, తనలో తాను నిలిచినవాడు. ఆస్థానం, అస్థిరం కూడా ఆ ఇంటివే. ఏమాటకామాట, ఇంగ్లీషు ఎగ్జిస్టెన్స్ వెనకున్న లాటిన్ క్రియకు ‘బయటికొచ్చి నిలబడు’ అని అర్థం. అది ‘స్థా’కు చుట్టమే. అయినా మీకు మార్కులు వేయను.

మన ఊళ్లో గజళ్లు వినేవాళ్లకు ‘హస్తీ’ తెలిసే ఉంటుంది. ఉనికి అనే అర్థమున్న ఫార్సీ మాట, అస్తికి తోబుట్టువు. అదే అర్థమిచ్చే ‘వజూద్’ వేరే ఇంటిది. అరబ్బీలో దాని మూలానికి ‘దొరకడం’ అని అర్థం. దొరికితేనే ఉన్నట్టు! నాకు ఇది భలే నచ్చుతుంది.

తెలుగులో ఈ పని చేసేవి ఉండు, కల, లే. “కలడు కలండనెడివాడు కలడో లేడో” అని పోతన గజేంద్రుడు అనుమానపడ్డది వీటితోనే. ఆ ‘కల’ నుంచి కలిమి, ‘లే’ నుంచి లేమి. ఉన్నోళ్లు, లేనోళ్లు అంటాం. డబ్బు మాట ఎత్తకుండానే అర్థమైపోతుంది. అందుకే నేను వీలైన చోటల్లా ‘ఉనికి’ అనే రాస్తాను. ఒత్తుల బెడదా ఉండదు.

అభ్యాసం: ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం మొదటి ముక్క, “నాసదాసీన్నో సదాసీత్తదానీం”. పదాలు విడదీసి, ‘అస్’ ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి. రెండు అని రాసేవాళ్లు మూడో పేరా... కాదు, రెండో పేరా మళ్లీ చదవండి. తర్వాత దాన్ని ‘ఉండు’, ‘లే’ తప్ప వేరే క్రియ వాడకుండా తెలుగు చేయండి.