తిరుపతి నుంచి బ్యాంకాక్: చేతిలో ఒక్కరోజే ఉంటే

తిరుపతి వాళ్లకు దగ్గరి దారి చెన్నై ఎయిర్‌పోర్ట్. అక్కడి నుంచి దాదాపు మూడున్నర గంటల ప్రయాణం. దిగగానే గడియారం గంటన్నర ముందుకు తిప్పుకోండి.

ఒక్కరోజులో ఊరంతా చుట్టాలనుకోవద్దు, ట్రాఫిక్‌లోనే పొద్దుపోతుంది. నదిని పట్టుకోండి. స్కైట్రైన్‌లో (వంతెనల మీద నడిచే మెట్రో) సఫాన్ తక్సిన్ స్టేషన్‌లో దిగితే పక్కనే రేవు. నారింజ జెండా పడవెక్కి థా చాంగ్ రేవులో దిగి, గ్రాండ్ ప్యాలెస్‌కు 8:30కల్లా చేరాలి. టికెట్ 500 బాత్. పది దాటితే టూర్ బస్సుల జనం, పైన ఎండ.

శ్రీవారి దర్శనానికి వెళ్లినట్టే ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకోండి. నిక్కర్లు, స్లీవ్‌లెస్‌లు కుదరవు. పైన చున్నీ వేసుకున్నా వెనక్కి పంపొచ్చు. ప్యాలెస్ ఆవరణలోనే ఉన్న మరకత బుద్ధుడి గుడి లోపల ఫొటోలు తీయకూడదు.

గేటు దగ్గర ఎవరైనా "ఈరోజు ప్యాలెస్ మూసేశారు, టుక్‌టుక్‌లో వేరే గుళ్లు చూపిస్తా" అంటే అస్సలు నమ్మకండి. అలా ఎక్కినవాళ్లను నగల దుకాణాలకు తిప్పుతారు. టికెట్ కౌంటర్ దాకా నడిచి మీరే చూసుకోండి.

తర్వాత వాట్ ఫో (వాట్ అంటే గుడి): 46 మీటర్ల శయన బుద్ధుడు. పాదాల అడుగున ముత్యపుచిప్పతో పొదిగిన గుర్తులు తీరిగ్గా చూడాల్సినవి. శాకాహారులైతే పసుపు జెండాపై ఎర్రటి 'జే' అక్షరం ఉన్న కొట్టు వెతకండి. మామూలు కూరల్లో చేపల సాస్ పడుతుంది.

థా తియన్ రేవులో పడవ దాటితే వాట్ అరుణ్. మెట్లు నిటారుగా ఉంటాయి, దిగేటప్పుడు జాగ్రత్త. సాయంత్రం 5 లోపు చూసేసి ఇవతలి ఒడ్డుకు వచ్చేయండి, సూర్యాస్తమయంలో ఆ గోపురం ఇటునుంచే బాగుంటుంది.