ఫౌంటెన్ పెన్ను సిరా, నీళ్లతో బొమ్మ వేయడం ఎలా?

నీళ్లు పడితే అలుక్కుపోవడం ఉత్తరం రాసేవాళ్లకు చిరాకు. బొమ్మలు వేసేవాళ్లకు కావలసింది అదే. మామూలు ఫౌంటెన్ పెన్ను సిరాలో ఉండేది నీళ్లలో కరిగే అద్దకపు రంగు. ఎండిపోయిన గీతకు సైతం తడి కుంచె తగిలిస్తే రంగు మళ్లీ కదులుతుంది. ఒక సిరాబుడ్డి, ఒక కుంచె చాలు, రంగుల పెట్టెతో పని లేదు.

ఏవి కావాలి?

మొదట నల్ల సిరాతోనే మొదలుపెట్టండి. నల్ల సిరాలు చాలావరకు రెండు మూడు రంగుల మిశ్రమం. నీళ్లలో ఒక్కో రంగు ఒక్కో వేగంతో పాకుతుంది కాబట్టి అవి విడిపోతాయి. పార్కర్ కంపెనీ క్వింక్ నల్ల సిరాలో నీలం ఒకవైపు, గోధుమ ఛాయ మరోవైపు బయటపడతాయి. మీ సిరాలో ఏముందో తెలియాలంటే టిష్యూ కాగితం మీద ఒక చుక్క వేసి, మధ్యలో నీటిబొట్టు వదలండి. వాటర్‌ప్రూఫ్ సిరాలు ఎండితే కదలవు, కాబట్టి ఇక్కడ పనికిరావు. ఇండియన్ ఇంకును (ఎండితే గట్టిపడే, బొమ్మలు గీసే నల్ల సిరా) పెన్నులో అసలు పోయకండి, పాళీ వెనుక గడ్డకట్టుకుపోతుంది.

కాగితం దగ్గర పొదుపు వద్దు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) వాటర్‌కలర్ కాగితం మంచిది. నోటుబుక్కు కాగితం ముడతలు పడుతుంది. కుంచె 6 లేదా 8 నంబరుది, గుండ్రటి మొనది తీసుకోండి. పెన్ను ఏదైనా ఫరవాలేదు. రాజమండ్రి రత్నం పెన్నుల్లా డ్రాపర్‌తో సిరా పోసుకునే రకమైతే మరీ మంచిది: సిరా ఎక్కువ పడుతుంది, ఆ డ్రాపరే ఛాయలు కలపడానికీ పనికొస్తుంది.

ఎలా వేయాలి?

కాలువ గట్టున కొబ్బరిచెట్లు వేద్దాం.

1. తెల్ల పింగాణీ పళ్లెంలో మూడు ఛాయలు పెట్టుకోండి. చుక్క సిరాకు ఇరవై చుక్కల నీళ్లు కలిపితే లేతది, ఐదు చుక్కలు కలిపితే మధ్యస్థం, నీళ్లు కలపకపోతే చిక్కనిది. కుంచెను నేరుగా సీసాలో ముంచకండి, సిరా పాడవుతుంది. ఆరాక ఛాయ కాస్త తగ్గుతుంది కనుక చిత్తు కాగితం మీద ముందే చూసుకోండి.

2. పెన్సిల్‌తో గట్టు గీత మాత్రం లేతగా గీయండి. ఆకాశమంతా మంచినీళ్లతో తడపండి. కాగితం మీది మెరుపు తగ్గుతుండగా గట్టు గీత వెంట లేత సిరా అద్ది, కాగితం కింద పెట్టుకున్న అట్టను కొద్దిగా వాల్చండి. మిగతా పని నీళ్లే చూసుకుంటాయి, మీరు కుంచె పెట్టకండి.

3. ఆరనివ్వండి. వేలి వెనుకభాగం ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

4. దూరపు తోపును మధ్యస్థ ఛాయతో ఒకే విసురులో వేయండి. రెండోసారి రుద్దితే కింది ఆకాశం లేచి వచ్చి మొత్తం మసకబారుతుంది. ఈ సిరాతో చిక్కంతా ఇక్కడే. సగం ఆరిన చోట నీటిబొట్టు పడితే గరుకు అంచుతో తెల్లటి మచ్చ తేలుతుంది, దాన్ని ఆకుల గుబురుగా వాడుకోవచ్చు.

5. అది ఆరాక దగ్గరి చెట్లను పెన్నుతో గీయండి. మానుకు ఒకే పక్క గీతను ముదురుగా గీసి, ఆ గీత అంచును మాత్రం తడి కుంచె మొనతో తాకండి. సిరా మాను మీదికి పాకుతూ పల్చబడి, గుండ్రదనం దానంతటదే వస్తుంది. మట్టల దగ్గర ఈ పని చేయకండి, పెన్ను గీతల పదును పోతుంది. నీడ కోసం మాను కింద కాలువలో వంకర గీతలు గీసి, తడి కుంచెను అడ్డంగా లాగండి.

6. నీటి మీది తళుకులకు బట్టల బ్లీచ్ వాడవచ్చు. అన్ని సిరాలూ దీనికి లొంగవు. క్వింక్ నలుపు మాత్రం బంగారు ఛాయకు మారుతుంది. బ్లీచ్ కుంచె వెంట్రుకలను తినేస్తుంది కాబట్టి పాత నైలాన్ కుంచె తీసుకోండి, కిటికీ తెరిచి ఉంచండి.

అద్దకపు రంగు వెలుగుకు వెలిసిపోతుంది. బొమ్మను స్కాన్ చేసుకుని, అసలుదాన్ని గోడకు తగిలించకుండా మూసిన పుస్తకంలో దాచండి.