వాతావరణ మార్పు అనగానే మాట మార్చేసేవాళ్లతో ఎలా మాట్లాడాలి

మీరు వాతావరణ మార్పు మాట ఎత్తగానే ఎదుటి మనిషి ఫోన్ తీస్తాడు, లేదా "ఇప్పుడదంతా ఎందుకులే" అంటాడు. అప్పుడు మనలో చాలామంది చేసే పని, ఇంకో నాలుగు లెక్కలు చెప్పి ఇంకాస్త భయపెట్టడం. నేను ఏళ్ల తరబడి అదే చేశాను. మా అన్నయ్య ఒకరోజు, నేను ఏమీ వాదించకుండా ఊరికే కూర్చున్నప్పుడు, "పిల్లల సంగతి తలుచుకుంటే నాకు నిద్ర పట్టదురా" అన్నాడు. అన్నేళ్లూ ఆయనకు పట్టదనుకున్నాను.

అందుకే ముందు ఇది గుర్తుంచుకోండి: మౌనంగా ఉన్నవాళ్లకు బాధ లేదని అనుకోవద్దు. 1968లో బిబ్ లాతానే, జాన్ డార్లీ అనే సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. గదిలో కూర్చుని ఫారం నింపుతున్న మనిషికి గోడలోంచి పొగ రావడం కనిపిస్తుంది. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి ఆ సంగతి చెప్పారు. అదే పక్కన ఇద్దరు ఏమీ జరగనట్టు కూర్చుని ఉంటే (వాళ్లు ముందే మాట్లాడి పెట్టుకున్న మనుషులు), పది మందిలో ఒక్కరే చెప్పారు, మిగతావాళ్లు కళ్లు నులుముకుంటూ, దగ్గుతూ అలాగే ఫారం నింపుతూ కూర్చున్నారు. పొగ అందరికీ కనిపిస్తూనే ఉంది, కానీ పక్కవాడు కదలకపోతే ఇదేమంత ప్రమాదం కాదేమో అనుకుంటాం, పక్కవాడూ మనల్ని చూసి అదే అనుకుంటాడు.

వాతావరణం విషయంలో ఇప్పుడు సరిగ్గా ఇదే జరుగుతోంది. 125 దేశాల్లో దాదాపు 1,30,000 మందిని అడిగి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి ప్రతి నెలా తమ ఆదాయంలో 1 శాతం ఇవ్వడానికి సిద్ధమని 69 శాతం మంది చెప్పారు. మీ దేశంలో ఇంకెంతమంది ఇస్తారనుకుంటున్నారు అంటే మాత్రం సగటున 43 శాతమే అన్నారు.

కాబట్టి "ఎవరికీ పట్టదు, ఎవరూ ఏమీ చేయరు" అనే మాట మానేయండి. కోపంతో అంటాం కానీ, వినేవాడికి అందేది "చేయకపోవడమే మామూలు" అన్న కబురు. 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, హోటల్ గదుల్లో "పర్యావరణం కోసం టవల్ మళ్లీ వాడండి" అని రాసినప్పుడు సుమారు 35 శాతం మంది వాడారు, "ఇక్కడ దిగినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ వాడుతున్నారు" అని రాస్తే 44 శాతం అయింది. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఏదైనా మొదలుపెడితే ఆ సంగతే చెప్పండి, కానీ నిజమైనదే చెప్పండి.

మాట మొదలుపెట్టేటప్పుడు ఉపన్యాసం వద్దు. "ఈ ఎండలు చూస్తుంటే నీకేమనిపిస్తోంది?" అని అడిగి ఆగండి. ఆ ఆగడమే కష్టం, మధ్యలో దూరి ఆ ఖాళీని మీరే నింపాలనిపిస్తుంది, నింపకండి. సమయం కూడా చూసుకోండి. మనసు ఒకేసారి మోయగల టెన్షన్‌కు ఒక హద్దు ఉంటుంది. ఉద్యోగం పోయే భయంలో ఉన్నవాడికి ఆ రోజు భూమి సంగతి ఎక్కదు, అందులో వాడి తప్పేమీ లేదు.

బాగా చదువుకున్నవాళ్లతో వాదనకు దిగితే ఇంకా కష్టం. అమెరికాలో 2012లో ప్రచురించిన పరిశోధనలో తేలిందేమిటంటే, సైన్స్ బాగా తెలిసినవాళ్లు ఈ విషయంలో దగ్గరవకపోగా, తమ తమ వర్గాన్ని బట్టి ఇంకా ఎక్కువగా చీలిపోయారు. తెలివిని తమవాళ్ల మాట నిలబెట్టుకోవడానికే వాడతాం మనం. అలాంటిచోట మీరు పక్కకు తప్పుకుని, వాళ్లు తమవాడు అనుకునే మనిషి చేత మాట్లాడించండి.

భయం సంగతి. వట్టి భయం చెప్పి వదిలేస్తే మనిషి ముడుచుకుపోతాడు, దాని పక్కనే తన చేతనయ్యే పని ఒకటి కనిపించాలి. కానీ ఒక్క పని చేయగానే "నా వంతు అయిపోయింది" అనిపించడం కూడా మనసు స్వభావమే, కాబట్టి బల్బు మార్చినవాడిని మెచ్చుకుంటూనే తర్వాతి పని గురించి అప్పుడే మాట్లాడండి: ప్రయాణాలు, ఇంట్లో కరెంటు, ఓటు అడగడానికి వచ్చినవాళ్లను నిలదీయడం.

ఇప్పటికే కుంగిపోయినవాళ్లకు ఇవేవీ చెప్పకండి. 2021లో వెలువడిన సర్వేలో, పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల యువతను 10,000 మందిని అడిగితే, 45 శాతం మంది ఈ దిగులు తమ రోజువారీ జీవితాన్నే దెబ్బతీస్తోందన్నారు. వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. "అంతా సర్దుకుంటుందిలే" అనకండి, అది అబద్ధమని వాళ్లకు తెలుసు. తిండీ నిద్రా పాడయ్యేంత ఉంటే డాక్టర్ దగ్గరికి మీరే వెంట వెళ్లండి.

ఒక్క కూర్చోవడంలో ఎవరూ మారరు, ఒప్పించి లేవాలని పట్టుబట్టకండి. ఓ రెండు వారాలు ఆగి, "ఆరోజు నువ్వన్న మాట గురించి ఆలోచిస్తున్నా" అంటూ మళ్లీ మొదలుపెట్టండి.