బతుకమ్మ, దసరా సెలవుల్లో పిల్లల పళ్లు జాగ్రత్త

పెత్రమాస నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది సాయంత్రాలు. అటుకులు, బెల్లం, ముద్దపప్పు, నానబియ్యం, నువ్వుల ముద్దలు, చివరి రోజు మలీద. అలిగిన బతుకమ్మ నాడు మాత్రం నైవేద్యం ఉండదు. మిగతా రోజుల్లో ఆట అయ్యాక ఫలారం పంచుతారు. పిల్లలు దాన్ని తింటూ ఇంటికొస్తారు, పొద్దుపోయింది కదా అని అలాగే పడుకుంటారు. పళ్లకు ముప్పు అక్కడే ఉంది. పగలంతా నోటిని కడిగేది లాలాజలం. నిద్రలో అది బాగా తగ్గిపోతుంది. పళ్ల సందుల్లో ఇరుక్కున్న బెల్లాన్ని బాక్టీరియా తెల్లవార్లూ ఆమ్లంగా మారుస్తూనే ఉంటుంది.

అందుకే ఈ సెలవుల్లో వేరే ఏది కుదిరినా కుదరకపోయినా, రాత్రి పళ్లు తోమకుండా పిల్లల్ని పడుకోబెట్టకండి. హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర ఆట చూసి అర్ధరాత్రి ఇల్లు చేరినా సరే, నిద్రకు తూలుతున్న పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని మీరే రెండు నిమిషాలు తోమండి. తోమాక మంచినీళ్లు తప్ప ఇంకేమీ పెట్టొద్దు.

ఫలారం వద్దని ఎవరూ అనరు, అనకూడదు కూడా. చూసుకోవాల్సింది ఎంత తిన్నారని కాదు, ఎన్నిసార్లు తిన్నారని. తీపి తిన్న ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరుగుతుంది. లాలాజలం దాన్ని సర్దడానికి దాదాపు అరగంట పడుతుంది. గరిజెల డబ్బా అందుబాటులో పెట్టి, వచ్చినప్పుడొకటి పోయినప్పుడొకటి తిననిస్తే ఆ అరగంట ఎప్పటికీ దొరకదు. అవే నాలుగు గరిజెలు అన్నంతోపాటు ఒకేసారి పెట్టి, పైన నీళ్లు తాగిస్తే నష్టం చాలా తగ్గుతుంది. బెల్లం మంచిదే కదా, చక్కెరలా పళ్లు పాడుచేయదు అనుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. పంటికి రెండూ ఒకటే. బెల్లం అంటుకుని ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువసేపు బాధపెడుతుంది.

పసిపిల్లలున్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. తల్లి బతుకమ్మ ఆటకు వెళ్తుంటే, పాప ఏడవకుండా పాలసీసాలో చక్కెర కలిపి నోట్లో పెట్టి నిద్రపుచ్చుతుంటారు. ఏడాది, రెండేళ్ల పిల్లల్లో పైవరుస ముందుపళ్లు గోధుమరంగుకు తిరిగి అరిగిపోవడానికి ఇదే పెద్ద కారణం. సీసా నిద్రకు ముందే అయిపోవాలి. చక్కెర అసలు వద్దు. పాలపీకకు తేనె రాయడం మానేయండి, ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదకరం కూడా. వారానికోసారి పాప పైపెదవి ఎత్తి చూడండి. చిగురు పక్కన సుద్దలాంటి తెల్లటి గీత కనిపిస్తే అది పుచ్చు మొదలైన గుర్తు. ఆ దశలో ఫ్లోరైడ్ పూతతో ఆపొచ్చు. నల్లబడ్డాక అంత తేలిక కాదు.

తొలి పన్ను సాధారణంగా ఆరో నెల చుట్టూ వస్తుంది. మెత్తటి బ్రష్‌తో తోమడం ఆ రోజే మొదలు. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. అంతకు మించొద్దు, పిల్లలు మింగేస్తారు. బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు తాగడానికి శుద్ధి చేసిన నీళ్లే ఇవ్వండి. లోపల తయారవుతున్న శాశ్వత పళ్ల మీద మచ్చలు పడేది ఆ వయసులోనే. బొగ్గు, ఇటుకపొడి, గరుకు ఎర్ర పళ్లపొడి ఏ వయసుకూ వద్దు.

అన్నిటికంటే ఎక్కువ పోగొట్టుకునేది ఆరేళ్ల దవడ పన్ను. పాల దవడ పళ్ల వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, ఆరేళ్లప్పుడు నిశ్శబ్దంగా వస్తుంది. ఊడిన పన్ను లేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. అది పుచ్చితే, "పాలపన్నే గదా, ఊడిపోతది" అంటారు. ఊడదు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను, రెండోసారి రాదు. పైన లోతైన గాడులుంటాయి, బ్రష్ కుచ్చులు అందవు. వచ్చిన కొత్తల్లోనే పళ్ల డాక్టర్ ఆ గాడుల్ని సీలెంట్‌తో మూసేస్తే చాలావరకు కాపాడొచ్చు. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలుంటే ఈ సెలవుల్లోనే టార్చి వేసి చూడండి, ముందుపళ్ల మధ్య నుంచి ఒక పక్కకు లెక్కపెడితే ఆరో పన్ను. పాలపళ్లను కూడా ఊడేవే అని వదిలేయకండి. పాల దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండి, కింది నుంచి వచ్చేవాటికి జాగా ఉంచుతాయి. ఏడెనిమిదేళ్ల దాకా బ్రష్ మీ చేతిలో ఉండాల్సిందే.

గురుకులం నుంచి సెలవులకు వచ్చిన పెద్ద పిల్లల్ని తిట్టకుండా, నెమ్మదిగా అడిగి చూడండి. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా, నోరు పూర్తిగా తెరుచుకుంటోందా? వక్క, గుట్కా అలవాటైతే బుగ్గల లోపల గట్టిపడి నోరు తెరవడం కష్టమవుతుంది, అది ముదిరితే క్యాన్సర్‌కు దారి తీయొచ్చు. కూల్‌డ్రింక్ తాగిన వెంటనే మాత్రం తోమొద్దు, అరగంట ఆగాలి. అంగన్‌వాడీలో, సర్కారు బడిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం పరీక్ష చేసి పళ్ల సమస్యకు చీటీ రాసిచ్చి ఉంటే, సెలవుల మొదటి రోజుల్లోనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. దసరా దగ్గరపడితే క్లినిక్‌లు మూసేస్తారు.

సైకిల్ మీంచి పడి పన్ను ఊడితే ఏం చేయాలో ఇంట్లో పెద్దవాళ్లందరికీ ముందే చెప్పి ఉంచండి. శాశ్వత పన్నైతే తెల్లటి భాగం పట్టుకోవాలి, వేరును తాకొద్దు, రుద్దొద్దు. మట్టి ఉంటే ఒక్కసారి నీళ్లు పోసి, అదే గుంతలో తిరిగి పెట్టాలి. కుదరకపోతే చల్లటి పాలలో వేసి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. గంటలోపు, వీలైతే అరగంటలోపు. పాలపన్నైతే తిరిగి పెట్టొద్దు.

పండగనాడు పన్ను నొప్పి మొదలైతే ఉప్పునీళ్లు పుక్కిలించి, బరువుకు తగ్గ మోతాదులో పారాసిటమాల్ ఇవ్వండి. తంబాకు పెట్టొద్దు, పన్ను పురుగు తీస్తామనేవాళ్ల దగ్గరికి పోవద్దు. పంట్లో పురుగంటూ ఉండదు. చెంప వాచి జ్వరం వచ్చినా, కన్ను మూసుకుపోతున్నా, మింగడం కష్టమైనా పండగ అయ్యేదాకా ఆగకండి, ఆ రాత్రే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి.